ఆరని ఇంజిన్ లైటు

ఫిలిప్ తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగింది. ఎంతసేపు చూసినా ఆరలేదు.

"ఇంకా బాగు చేయించలేదా?" అన్నాడు, పక్కన నిలబడ్డ బామ్మర్ది బెన్నీతో.

"చూపించాలి బావగారూ" అన్నాడు బెన్నీ తల గోక్కుంటూ.

చూపించాలట! మూడేళ్లుగా ఇదే మాట. బెన్నీ అక్కని చేసుకున్న ఫిలిప్, ఇబ్రహీంపట్నం నుంచి కంకిపాడు ఎప్పుడొచ్చినా ఆ లైటు వెలుగుతూనే ఉంటుంది. పదమూడేళ్ల పాత పికప్ అది. రోజూ కంకిపాడు కూరగాయలు బెజవాడ చేరిస్తేనే బెన్నీ ఇల్లు గడిచేది. మునుపొకసారి వారం రోజులు బండి రాలేదని షావుకారు సరుకు ఇంకొకడికి ఎత్తించి, బెన్నీని నెల్లాళ్లు తన చుట్టూ తిప్పుకున్నాడు. అయినా బుద్ధి రాలేదు. అన్నం పెట్టే బండిని చూసుకునే తీరు ఇదా? ఇలాంటి బద్ధకస్తుడికి స్టీరింగ్ అప్పగించిన దేవుణ్ణి అనాలి.

ఫిలిప్ అదే అన్నాడు, ఇంకాస్త ఘాటుగా. అతను ఇల్లు మారుతున్నాడు, వారం పాటు బండి కావాలి. సొంత బామ్మర్దికి బండి ఉండగా లారీ మాట్లాడుకోవడం నామోషీ కదా. ఇంటి అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనే ధైర్యం బెన్నీకెక్కడిది? తాళం చేతికిచ్చేసి, లైటు వెలుగుతోంది, దారిలో ఆగిపోతుందేమోనని ఎప్పట్లాగే నసిగాడు. ఆ నసుగుడు విని ఇన్నాళ్లూ వెనక్కి తగ్గిన ఫిలిప్, ఈసారి తగ్గలేదు. ఆటోనగర్‌లో తనకి తెలిసిన మెకానిక్ నతానియేలుకి ఫోన్ చేసి అప్పటికప్పుడు రప్పించాడు. బెన్నీ మొహం మాడిపోయింది. చేతి చమురు వదులుతుందని భయం కాబోలు.

నతానియేలు స్టీరింగ్ కింద స్కానర్ తగిలించాడు. ఏదో సెన్సరు పనిచేయడం లేదని చూపించింది. అంతేనా, చిన్న పనే అని ఫిలిప్ సంబరపడ్డాడు. నతానియేలు బానెట్ ఎత్తి లోపలికి వంగి, చాలాసేపటికి గానీ లేవలేదు. లేచి బెన్నీ వంక అదోలా చూశాడు.

"బండి మీదేనా?"

"నాదేనండీ."

"మరి ఆయన?"

"మా బావగారు. వారం రోజులు తీసుకెళ్తారంట."

నతానియేలు గుడ్డతో చేతులు తుడుచుకుని బానెట్ దించేశాడు. ఫిలిప్ వైపు తిరిగి, "ఇంజిన్ దింపాలండీ. దీన్ని నమ్ముకుంటే సామానుతో సహా రోడ్డు మీద నిలబడతారు" అన్నాడు.

ఫిలిప్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ డొక్కుని పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి అమ్ముకోమన్నాడు. నీ మొహానికి ఎద్దుబండి ఎక్కువన్నాడు. మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నానన్నాడు. అక్కడే నిలబడి లారీకి ఫోన్ చేసుకుని, విసవిసా వెళ్లి బస్సెక్కాడు. బెన్నీ తల వంచుకుని అన్నీ పడ్డాడు. సిగ్గున్నవాడైతే ఒక్క మాటకైనా రోషపడేవాడు.

బస్సు కదిలాక నతానియేలు మళ్లీ బానెట్ ఎత్తి బెన్నీని దగ్గరికి పిలిచాడు. చేతకాని పనివాణ్ణి చూసినట్టు చూసి విసుక్కున్నాడు.

"పీకిన సెన్సరు వైరుకి టేపు చుట్టి దాచుకోవాలండీ, మా బావ కోసం నేనట్టాగే చేశాను."