తుస్సుమన్న తూటా

ఊళ్లో ప్రతి మక్కచేనుకూ ఒక మాట్లాడే తుపాకి వచ్చాక జనం అడవిపందులకు భయపడటం మానేశారు. మనిషి చెయ్యి పడని కార్ఖానాలో తూటాలు తయారవుతాయి. పొద్దున్నే డ్రోన్లు ఇంటింటికీ ఓ పెట్టె దింపిపోతాయి. తూటా మంచిచెడ్డలు తుపాకే చెబుతుంది కాబట్టి, పేలిన చప్పుడును చెవిపెట్టి వినే అలవాటు ఊరికి ఎప్పుడో పోయింది.

ఆ సాయంత్రం మంచె మీది నుంచి ఓదెలు ఓ పందిని గురిచూసి కాల్చాడు. ఢామ్మనాల్సింది తుస్సుమంది. పంది తలైనా ఎత్తలేదు.

"తూటా నాణ్యమైనదే. దయచేసి మళ్లీ కాల్చండి," అంది తుపాకి తియ్యగా.

అతని వేలు మళ్లీ ట్రిగ్గర్ మీదికి పోయింది. భార్య భూదవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. సప్పుడు తేడాగున్నది."

"అదే మంచిగున్నదంటుంటే నీకేమెరుక?"

"నాకు చెవులున్నయి. దానికున్నయా?"

అతనిచేత తూటాలన్నీ తీయించి, మంచె ఊడ్చే చీపురులోంచి ఓ పుల్ల లాగి తుపాకి గొట్టంలో దూర్చింది. పుల్ల సగందాకా పోయి ఆగిపోయింది. ఇందాకటి గుండు లోపలే ఇరుక్కుంది. ఇంకోటి పేల్చి ఉంటే గొట్టం పగిలి ఓదెలు మొహం మీదికే వచ్చేది.

అతను తుపాకిని దూరంగా పక్కన పెట్టాడు.

"పెట్టె మీద కార్ఖానా ముద్ర మంచిగనే ఉండె," అన్నాడు మెల్లగా.

"అందరి పెట్టెల మీద అదే ముద్ర గదా..." అంటూనే భూదవ్వ ఉలిక్కిపడి లేచింది.

పక్కచేనులోంచి తుస్సుమని చిన్న చప్పుడు వచ్చింది. వెనకే అదే తియ్యటి గొంతు: "దయచేసి మళ్లీ కాల్చండి."

"శాంతక్కా, కాల్చకు!" అని అరుస్తూ భూదవ్వ మంచె మీంచి దూకింది.