గుట్ట మీది వాళ్ళు

శనివారం పొద్దున బస్సు డ్యూటీ దిగి వచ్చేసరికి, ఎవరో తెల్ల ముసలాయన శ్రీపతి ఇంటి ముందు కొళాయి తిప్పి చేతులు కడుక్కుంటున్నాడు.

టకానినిలో ఇల్లు కొని నెల కాలేదు. అప్పుడే పరాయివాడు!

"హలో మేట్! ఇది పబ్లిక్ టాప్ కాదు."

"సారీ. ఇళ్ళు రాకముందు ఇక్కడ వాగుండేది. పూడ్చేశారు" అన్నాడు ముసలాయన, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకుంటూ. "ఆ గుట్ట మీద యుద్ధంలో పోయినవాళ్ళున్నారు. వారం వారం గడ్డి కోస్తాను. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళు తాకకుండా ఇంటికి పోకూడదు."

"మనమూ అంతేగా!" గుమ్మంలోంచి నిరుపమ తెలుగులో అంది. "వల్లకాటి నుంచి వచ్చి కడుక్కోకుండా గడప తొక్కుతామా?"

శ్రీపతికి గుట్ట కింద బోర్డు గుర్తొచ్చింది. నూట అరవై ఏళ్ళ కిందట భూముల కోసం తెల్లసైన్యం వచ్చి పడితే ఈ దేశపు మూలవాసులు మావోరీలు ఎదురు తిరిగారు. ఆ యుద్ధంలో తొలి పోరుల్లో ఒకటి ఇక్కడే జరిగింది.

"నువ్వూరుకో. మన తాతల్ని తన్నిందీ ఈ జాతే. వాళ్ళ సిపాయిలకి సేవ చేసొచ్చి నా నీళ్ళతో కడుక్కుంటాడా?"

ముసలాయన వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు.

"మీవాళ్ళు ఇక్కడేం చేశారో తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ వస్తున్నారా?"

"తెలుసు గనకే వస్తున్నాను."

"సిగ్గు కూడా లేదు చూడు!" అన్నాడు శ్రీపతి పెళ్ళాంతో.

మర్నాడు కొళాయికి తాళం పడింది.

మళ్ళీ శనివారం ముసలాయన వచ్చాడు. తాళం చూశాడు. తలుపు కొట్టాడు.

"ఒక్క గ్లాసు చాలు."

"ఒక్క చుక్క కూడా ఇవ్వను."

ముసలాయన గొడవపడలేదు. కష్టం మీద వంగి, పచ్చిక మీది మంచు చేతులకి రాసుకుని వెళ్ళిపోయాడు.

"ఎలా పంపించానో చూశావా?" శ్రీపతి మీసం మీద చెయ్యేశాడు.

"చూశాను. అన్నం అక్కడుంది, పెట్టుకు తినండి" అంది నిరుపమ.

తర్వాత ఆయన రాలేదు. గుట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది.

రెండు నెలలకి ఒక మావోరీ ఆవిడ గడ్డి కోసే మిషను మోసుకుంటూ వచ్చింది. శ్రీపతి ఎదురెళ్ళాడు.

"ఆ ముసలాయన ఏమయ్యాడండీ?"

"పోయిన నెల చనిపోయాడు."

"అయితే మాత్రం? ఆ సిపాయిలకి మీరు చాకిరీ చెయ్యడమేంటమ్మా?"

ఆవిడ ఎగాదిగా చూసింది.

"సిపాయిలా? వాళ్ళని చర్చి పక్కన పాతిపెట్టి, పేర్లు చెక్కి రాళ్ళు నిలబెట్టారు. ఈ గుట్టలో ఉన్నది మావాళ్ళు. పదకొండు మంది."

"మరి ఆయన..."

"నలభై ఏళ్ళ కిందట మా అమ్మని బతిమాలి ఈ పని తీసుకున్నాడు" అంది ఆవిడ, మిషను కింద పెడుతూ. "వీళ్ళని కాల్చిన సిపాయికి మునిమనవడు."