రెండో తాళం

జంగ్లీఘాట్‌లోని జాలర్ల సొసైటీ బ్యాంకులో అరుణకుమారి కొత్తగా చేరిన గుమాస్తా. ఆమెకి పని నేర్పింది ముసలి క్యాషియర్ సూరయ్య. అక్కడి ఇనప్పెట్టెకి రెండు తాళాలు. ఒక తాళంచెవి ఆయన మొలతాడుకి వేలాడేది, రెండోది ఈమె దగ్గర ఉండేది. రెండూ తిరిగితేనే తలుపు తెరుచుకుంటుంది.

"జల్దీ వద్దు బేటీ. ముందు నాను, తర్వాత నువ్వు," అనేవాడు రోజూ.

కిందటి వారం సూరయ్య ఎక్కిన పడవ తిరిగి రాలేదు. మారు తాళంచెవి మద్రాసు నుంచి ఓడలో ఈ దీవికి రావాలి. అందాకా పెట్టె తెరుచుకోదు కాబట్టి, జాలర్లు కొత్తగా దాచుకున్న డబ్బుకి ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఈ రాత్రి అరుణకుమారి ఆ డబ్బు సంచి ఒళ్లో పెట్టుకుని ఒంటరిగా కూర్చుంది.

బయట వాన ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇనప్పెట్టె టక్కుమంది.

లాంతరు ఎత్తి చూసింది. సూరయ్య తాళం కన్నంలోంచి నీళ్లు కారుతున్నాయి. వేలితో అద్ది నాలుక్కి తాకించుకుంది. ఉప్పగా ఉన్నాయి.

ఆయన తిప్పేశాడు, ఇక తన వంతే. తన తాళంచెవి తిప్పింది. తలుపు తెరుచుకుంది.

సంచి లోపల పెట్టి, ఆయన నిలబడే చోటు వదిలి పక్కకి జరిగింది.

"బాగా తడిసిపోయారు బాబాయ్," అంటూ తువ్వాలు ముందుకు పట్టింది.

చేతిలో తువ్వాలు మెల్లగా బరువెక్కింది.