లొంగే రకం ఓక్ చెట్టు

“గిన్నెలు తోముకునే సింకులో రంపమా! ఇంకోసారి కనబడితే చెత్తబుట్టలో పారేస్తాను,” అంది భార్య.

“మొన్నా ఇదే అన్నావు,” అంటూ చెట్ల డాక్టరు గోడ మేకుకు వేలాడుతున్న రంపం అందుకున్నాడు. పక్కనే స్పిరిట్ సీసా మూత వదులుగా ఉంది. “దీన్నెవరు కదిపారు? ఆవిరైపోదూ!”

“మీ సీసా గొడవ సరే. నిన్న సాయంత్రం జ్వరంతో వచ్చి, రంపం సింకులో పడేసి పడుకున్నారు. నేనే తీసి...”

“మిగతాది వచ్చాక తిడుదువులే,” అని మెట్లు దిగాడు.

కూతురు కిసుక్కున నవ్వింది. “అమ్మకి ఇల్లంతా అద్దంలా ఉండాలి నాన్నా. నువ్వొక్కడివే మసక!”

అతను ఊరి తోటల విభాగంలో చెట్ల జబ్బులు చూస్తాడు. డాక్టరన్నది తోటివాళ్లు పెట్టిన పేరు. ఆ పొద్దున బడి ఆవరణలో రెండు ఓక్ చెట్ల కొమ్మలు కోశాడు. ఒకటి తెగులును తట్టుకునే రకం, రెండోది లొంగే రకం.

మధ్యాహ్నం క్యారేజీ విప్పాక గుర్తొచ్చింది. నిన్న ఇదే రంపంతో పార్కులో బూజు తెగులుకు చచ్చిన చెట్టును కోశాడు. చెట్టు చెట్టుకీ రంపం కడగమని అందరికీ పాఠాలు చెప్పేవాడు, తనే కడగలేదు. క్యారేజీ మళ్లీ మూసేశాడు.

తట్టుకునే రకంతో భయం లేదు. తెగులు సోకగానే నీళ్లు మోసే నాళాలను అది తనంతట తానే మూసేసుకుంటుంది. బూజు జానెడు దూరంలో ఆగిపోతుంది. లొంగే రకంలో అది నీటితోపాటు కొమ్మకొమ్మకీ పాకుతుంది, అతుక్కున్న వేళ్ల గుండా పక్క చెట్టుకీ దాటుతుంది. ఆ పక్కన అదే రకానివి మరో పది ఉన్నాయి. ఒకటి పోతే వరసంతా నరకాల్సిందే. పిల్లలకి ఆ బడిలో ఉన్న నీడల్లా అదే.

ఎవరికీ చెప్పలేదు. రోజూ ఆ దారినే వెళ్తూ పైకి చూసేవాడు. ఒక్క ఆకు పసుపురంగులో కనబడినా ఆగి కొమ్మకొమ్మా వెతికేవాడు.

“ఆకాశంలోకి చూస్తూ నడుస్తారేంటండీ?” అని భార్య అడిగితే మెడ నొప్పన్నాడు. పాపం, ఆమె వారంపాటు మెడకి మందు రాసింది.

రెండు నెలలకి మామూలు తనిఖీలో ల్యాబు మేడమ్ ఆ రెండు చెట్ల కొమ్మల బెరడు ఒలిచి చూసింది. తెగులు సోకితే కనబడే నల్ల చార ఒక్కటీ లేదు.

“రెండూ శుభ్రంగా ఉన్నాయి సార్. బూజు జాడే లేదు.”

“లొంగే రకంలో కూడానా?”

“అందులోనూ!”

అతను కుర్చీలో కూలబడి, రెండు నెలల ఊపిరి ఒక్కసారి వదిలాడు. ఇంటికెళ్లేలోగా ఆ సంతోషం ఇంకాస్త పెరిగి పెద్ద ఆలోచనైంది.

భోజనాల దగ్గర జరిగిందంతా చెప్పేశాడు. “అది మామూలు చెట్టు కాదు. పుట్టుకతో లొంగే రకమే, అయినా లొంగలేదు! నిర్ణయించేశాను. దాని గింజలతో వెయ్యి మొక్కలు పెంచుతాను. ఊరంతా అవే నాటిస్తాను. రేపే పైవాళ్లకి ఉత్తరం రాస్తున్నాను.”

“దానికి నీ పేరే పెడతారు నాన్నా!” కూతురు చప్పట్లు కొట్టింది.

భార్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “అయితే మెడ నొప్పి కాదన్నమాట.”

“కడగని రంపంతో కోశానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

ఆమె గరిటె నెమ్మదిగా గిన్నెలో పెట్టింది.

“స్పిరిట్‌తో కడిగే మేకుకు తగిలించానండీ.”