ముళ్ళ దోవ

కర్నూలు రాజధాని అయిన ఏడాది.

కడపలో మీరా హుస్సేన్ సైకిలు షాపులో, చేతులతో తిప్పి నడిపే మూడు చక్రాల బళ్ళు రెండే ఉన్నాయి.

“గట్టి రబ్బరు చక్రాలది తీసుకోమ్మా. ముల్లు దిగదు.”

రామేశ్వరమ్మ రెండింటి పిడులూ తిప్పి చూసింది. చిన్నప్పుడే ఆమె కాళ్ళు చచ్చుబడ్డాయి.

“ఇది శానా బరువుండాది. బడి దగ్గర ఎత్తు ఎక్కదు. గాలి టైర్లదే ఇయ్యి.”

“మన దోవల్లో రోజూ పంచరేనమ్మా.”

“అతుకెయ్యడం నేర్పించు. చేతులుండాయి గదా.”

కమలాపురం బడిలో టీచరు పని. హెడ్మాస్టరు ముందే చెప్పాడు.

“నెలరోజులు చూస్తాం. ఒక్కనాడు గంట కొట్టినాక వచ్చినా, నీ తర్వాత పేరున్న మనిషికి ఇచ్చేస్తాం.”

రోజూ సాయంత్రం గొలుసు తుడిచి నూనె వేసేది. టైర్లు వేలితో నొక్కి గాలి చూసేది. అయినా మొదటి వారంలోనే ముల్లు దిగింది. అక్కడే అతుకేసుకుని, బడి గంటకు కాస్త ముందు చేరింది.

మర్నాడు పొద్దున ఎవరో కొత్త మనిషి దోవలో వంగి లేస్తున్నాడు. చేతినిండా తుమ్మ ముళ్ళు.

“ఏమప్పా, ఆ ముళ్ళేంది? నా బండి కింద వేస్తాండావా?”

ఆయన నవ్వాడు. “గంట కొట్టే టయమైంది. నువ్వు పోమ్మా.”

రోజూ ఆయనే. రోజూ అదే నవ్వు.

పంచర్లు మాత్రం ఆగిపోయాయి. తాను ముళ్ళు తప్పించి నడుపుతున్నాననుకుంది.

నెల ముగియడానికి ఒక్కరోజుంది. ఆఖరి రోజు ఆ మనిషి ఏం చేస్తాడోనని అన్న అయ్యన్నకు చెప్పింది. అతను ఆ మనిషి చొక్కా పట్టుకున్నాడు.

“ఆడమనిషి దోవలో ముళ్ళేస్తావా? కాళ్ళిరగ్గొడతా.”

“రేపొక్కనాడు ఉండనీయప్పా.”

“ఏం, రేపటికి పెద్ద ముళ్ళు దాచిపెట్టినావా?”

లాక్కుపోయి బస్సెక్కించాడు.

మర్నాడు ఆయన లేడు. దోవంతా ముళ్ళే. చేల కంచెలకు ముళ్ళకంప ఈడ్చుకుపోయిన చారలు మట్టిలో కనబడుతున్నాయి. రెండు టైర్లూ పోయాయి.

ఆయన వేసేవాడు కాదు. ఏరేవాడు.

రామేశ్వరమ్మ కిందికి దిగింది. ట్యూబులు లాగి, అతుకులేసి, గాలి కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కేలా పిడులు తిప్పింది. ఆమె గేటు దాటాకే గంట మోగింది.

“ఉద్యోగం ఖాయమమ్మా,” అన్నాడు హెడ్మాస్టరు.

“సార్, నా దోవలో రోజూ ముళ్ళేరే ఆయన ఒకరుండె. నిన్న మా అన్న తరిమేసినాడు. ఆయనెవరో మీకేమైనా తెలుసునా?”

“తెలియకేం. బొజ్జన్న, రాయచోటి మనిషి. నువ్వు ఏ దోవన వస్తావో నన్నే అడిగినాడు.”

హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వు ఒక్కనాడు ఆలస్యంగా వచ్చింటే, ఈ ఉద్యోగం ఆయనదేనమ్మా.”