కానుకలకి పన్నేమిటి?

"ఇది ఆదాయం కాదు అమ్మాయ్, అభిమానం" అన్నాను, కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోకుండానే.

కొలీన్ తలెత్తలేదు. మా ఊళ్లో సగం మందికి పన్ను లెక్కలు రాసిపెట్టేది ఆమే. ఫిబ్రవరి ఆఖరు వచ్చిందంటే నెబ్రాస్కాలో రైతులకి గడువు దగ్గరపడినట్టే. బురద బూట్లవాళ్లు నలుగురు నా వెనక వరసలో ఉన్నారు.

"అభిమానం ఎంత వచ్చింది ఆరిన్ గారూ?" అంది.

"ఐదు వేల రెండొందల అరవై డాలర్లు."

దాచగలిగితే దాచేవాణ్నే. కానీ డబ్బు చేరవేసే కంపెనీ నాకో కాగితం పంపి, దాని నకలు ప్రభుత్వానికీ పంపింది.

సంగతేమిటంటే, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఒక ప్రోగ్రాం రాశాను. బొంతలు కుట్టే ఆడవాళ్ల కోసం. ఏ డిజైనుకి ఏ రంగు గుడ్డ ఎన్ని గజాలు కావాలో, ముక్కలు ఎలా కత్తిరించాలో అది చెబుతుంది. మొదట మా ఆవిడ ఆర్డిత్ కోసమే రాశాను. ఆమె చర్చిలో స్నేహితురాళ్లకి ఇచ్చింది. వాళ్లు ఇంకెవరికో ఇచ్చారు. ఇప్పుడు పద్నాలుగు రాష్ట్రాల్లో వాడుతున్నారు. పూర్తిగా ఉచితం. అడుగున మాత్రం 'మీకు తోస్తే ఏదైనా ఇవ్వండి' అని ఓ చిన్న బటన్ పెట్టాను.

ఆరేళ్లపాటు నెలకో కొత్త వెర్షన్ వదిలాను. అది వాళ్ల కంప్యూటర్లలోకి దానంతటదే వెళ్లి కూర్చుంటుంది. ఆ ఆరేళ్లలో బటన్ ఎవరూ నొక్కలేదు. పోయిన ఏడాది ఒక్కసారిగా గేట్లెత్తినట్టు డబ్బొచ్చింది. నేనేమీ ఆశ్చర్యపోలేదు. మేధావిని గుర్తించడానికి జనానికి ఆ మాత్రం టైము పడుతుందిలే అనుకున్నాను.

"అడక్కుండా ఇచ్చింది కానుక. కానుక పుచ్చుకున్నవాడికి పన్ను లేదు. నేను చదివాను."

"ఊరికే ప్రేమకొద్దీ ఇస్తే కానుకండీ. మీ వల్ల ఏదో మేలు జరిగి, దానికి బదులిస్తే ఆదాయం. మీరు ఏ పేరు పెట్టుకున్నా సరే."

"ఇచ్చినవాళ్లకీ అదే ప్రోగ్రాం, ఇవ్వనివాళ్లకీ అదే ప్రోగ్రాం. ఇంక బదులేముంది?"

"మరెందుకిచ్చారు?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. పన్ను తొమ్మిది వందల డాలర్ల దాకా పడొచ్చు. నిజం చెప్పొద్దూ, నా దిగులు దాని గురించి కాదు. పొద్దున్నే కాఫీ హోటల్లో చేరే మగాళ్లందరితోనూ దేశం నన్ను ప్రేమిస్తోందని చెప్పేశాను. అది ప్రేమ కాదని కాగితం మీద తేలితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఫైలు తెరిచాను. జనం డబ్బుతో పాటు పంపిన మాటలన్నీ అచ్చు తీయించి తెచ్చాను.

"పోయిన ఏడాది జనవరిలో మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. మూడు నెలలు కొత్త వెర్షన్ రాదని ప్రోగ్రాం పేజీలో రాశాను. వారం తిరక్కుండా పద్దెనిమిది వందలు. విను. 'పూర్తిగా తగ్గేదాకా కంప్యూటర్ ముట్టుకోవద్దు.' అయోవా నుంచి ఒకావిడ. 'మాకేం తొందర లేదు, ఏడాదైనా ఆగుతాం.' ఈమెది కాన్సస్, పాతిక డాలర్లు."

ఆ కాగితాలు ఆమె ముందుకి తోశాను.

"అప్పుడు మా వీధివాళ్లు క్యాసరోల్ అని పొయ్యిలో కాల్చిన వంటకం పదకొండు గిన్నెలు తెచ్చిచ్చారు. వాటి మీదా పన్నేస్తావా?"

"వాటి జోలికి రాన్లెండి" అని నవ్వి, కాగితాలు తన వైపు లాక్కుంది. "మా అమ్మ పేరు కూడా ఉందే. ఆవిడ ఎవరికీ ఊరికే ఒక్క సెంటు ఇవ్వదు."

"మరి నాకిచ్చింది చూడు."

కొలీన్ పెన్సిల్ తీసి ఖాళీ కాగితం మీద నెలల పేర్లు రాసింది.

"చెయ్యి బాగయ్యాక?"

"మే నెలలో కొత్త వెర్షన్ వదిలాను. బటన్లన్నీ కుడి నుంచి ఎడమకి మార్చాను. ఇక్కడి దుకాణాల్లో గుడ్డ ఇంకా గజాల్లోనే అమ్ముతున్నా, నేను గజాలు తీసేసి మీటర్లు పెట్టాను."

"అప్పుడెంతొచ్చింది?"

"ఏం రాలేదు. నేను కోలుకున్నానని వాళ్ల మనసు కుదుటపడింది."

"ఆగస్టులో?"

"చేపలు పట్టడానికి వెళ్తున్నాను, రెండు నెలలు దీన్ని ముట్టుకోనని రాశాను. పదహారు వందలు. ముసలాడు నాలుగు రోజులు సరదాగా గడపాలని వాళ్ల కోరిక."

"నవంబరు?"

"ఇంకో వెర్షన్. రంగుల పేర్లు తీసేసి నంబర్లు పెట్టాను. ఏం రాలేదు. పండగ ఖర్చులుంటాయి కదా ఎవరికైనా."

"డిసెంబర్లో పండగ లేదా?"

"ఉంది. కానీ నా కంప్యూటర్ కాలిపోయిందని రాశాను. మిగిలిందంతా ఆ నెలలో వచ్చిందే. పిల్లల బొమ్మల ఖర్చు తగ్గించుకుని నాకు పంపుంటారు." నాకు కళ్లు చెమర్చాయి. "ఇంతకన్నా ప్రేమేముంటుంది అమ్మాయ్?"

ఆమె పెన్సిల్ పక్కన పెట్టింది. ఆ నెలల కేసి ఓసారి చూసింది. తర్వాత చెడ్డ కబురు చెప్పే డాక్టరులాగా గొంతు తగ్గించింది.

"ఆదాయం కిందే రాస్తున్నానండీ. కోపం తెచ్చుకోకండి."

"ఎలా రాస్తావు? ఆ నెలల్లో నేను ఒక్క పనీ చెయ్యలేదే."

"పొలం దున్నకుండా వదిలేసినందుకు ప్రభుత్వం రైతులకి ఏటా డబ్బిస్తుంది కదండీ. దాన్ని మేం ఆదాయంగానే రాస్తాం. వీళ్లు మీకిచ్చిందీ ఆ ప్రోగ్రాంని దున్నకుండా వదిలేసినందుకే."