ఎవరి తరఫు పెద్దమనిషి?

"మీ తరఫు పెద్దాయన ఏరమ్మా?" అంది అటెండరు బేబీ, ప్రశ్నల కాగితం చేతికిస్తూ.

తెనాలిలోని ఆ కౌన్సెలింగ్ సెంటర్లో అదొక నియమం. భర్త తరఫున ఒకరు, భార్య తరఫున ఒకరు పెద్దవాళ్లు రావాలి.

"దారిలో ఉన్నారండి," అని అబద్ధమాడింది షబానా.

పెనుమూడి నుంచి రావలసిన మామూకి, అంటే మేనమామకి, జ్వరం. ఆ మాట బయటపెడితే మొగుడి ముందు చులకనైపోతానని ఆమె బాధ.

ఆ మొగుడు ఇమ్తియాజ్, బెంచీకి అటు చివర కూర్చుని గోడమీద క్యాలెండర్ చదువుతున్నాడు.

ఇద్దరూ విడిగా ఉండబట్టి మూడు నెలలు. ఆమె రేపల్లెలో పుట్టింట్లో, అతను తెనాలిలో. ఇవాళ కూడా తేలకపోతే ఇక విడిపోవడమేనని రెండిళ్లవాళ్లూ ఖాయం చేసేశారు.

షబానాకి విడిపోవాలని లేదు. అలాగని ముందు మాట్లాడాలనీ లేదు.

అంతలో కౌన్సెలర్ ఫ్లోరెన్స్ మేడమ్ గదిలోంచి ఒక పెద్దాయన బయటికొచ్చాడు. తెల్ల లాల్చీ, చేతిలో గుడ్డసంచి. వచ్చి ఇద్దరి మధ్య ఖాళీలో కూలబడ్డాడు.

'ఓహో, అత్తింటివాళ్లు బాపట్ల నుంచి దింపుతామన్న పెద్దమనిషి ఈయనే కాబోలు. మేడమ్‌కి ముందే నూరిపోసి వచ్చాడు,' అనుకుంది షబానా. పెళ్లయి ఏడాదిన్నరే. అటువైపు బంధువులందరినీ ఆమె ఇంకా ఎరగదు.

ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తర్వాత ఆమె చేతిలో కాగితం చూశాడు.

"ఏంటమ్మా అది?"

"కాపురంలో ఎంత తృప్తిగా ఉన్నామో ఒకటి నుంచి అయిదు దాకా మార్కులెయ్యాలంట. ఎవరో పరిశోధన చేస్తున్నారంట."

"ఎన్నేశావు?"

"అన్నిటికీ ఒకటే. సున్నా లేదు కాబట్టి."

"నువ్వో నాయనా?"

"నేనూ అంతే మామూ," అన్నాడు ఇమ్తియాజ్.

పెద్దాయన రెండు కాగితాలూ తీసుకుని పక్కపక్కన పెట్టాడు.

"మార్కుల్లేని ప్రశ్న ఒకటుంది, 'గొడవైతే ముందు ఎవరు పలకరిస్తారు?' ఇద్దరూ 'ఎవరూ కాదు' అనే రాశారు. పోనీలే, ఒక్కదాంట్లోనైనా మాట కలిసింది."

షబానాకి నవ్వొచ్చింది. మూతి బిగించి ఆపుకుంది.

"గొడవ దేనికి?"

"నా కుట్టుమిషన్ అటక మీద పెట్టేశారు మామూ. జాకెట్ల కోసం ఆడవాళ్లొస్తుంటే ఇల్లు బజారులా ఉందంట."

"ఆడపిల్ల నేర్చుకున్న పనిని అటకమీదికి ఎక్కించడానికి నీకు చేతులెలా వచ్చాయయ్యా?"

ఇమ్తియాజ్ మళ్లీ క్యాలెండర్ వైపు తిరిగాడు.

షబానా తెల్లబోయింది. వచ్చింది అతని తరఫున, తిట్టేది అతన్నే! న్యాయం తెలిసిన మనిషే. ఆమె కోపం సగం దిగిపోయింది.

"మరి ఈ మూడు నెలల్లో నువ్వు ఒక్కసారైనా ఫోన్ చేశావా తల్లీ?"

"ఆయన చెయ్యలేదు మామూ."

"నేనడిగింది నీ సంగతి."

"లేదు మామూ."

పెద్దాయన సంచిలోంచి స్టీలు డబ్బా, రెండు చెంచాలు తీశాడు.

"పొద్దున్నే లేచి వండాను. ఇద్దరికని తెచ్చాను. ఇద్దరూ తినండి."

"మరి మీరో?"

"నాకివాళ సయించదమ్మా."

పలావు. పెద్దాయన మాట కాదనలేక ఇద్దరూ దగ్గరికి జరిగారు.

ఇమ్తియాజ్ చెంచా ముంచబోయి ఆగాడు. లవంగాలు ఒక్కొక్కటే ఏరి మూతలో పెట్టాడు. పంటికింద లవంగం పడితే షబానా ఇక ముద్ద ముట్టదు. అతను ఆమె వైపు చూడనైనా లేదు. చెయ్యి అలవాటుగా తన పని తాను చేసుకుపోతోంది.

షబానా కాగితం తీసింది. 'మీ ఇష్టాయిష్టాలు మీ భాగస్వామికి తెలుసా?' ఒకటి కొట్టేసి అయిదు వేసింది.

"మిషన్ దించేశాను. నెలయింది," అన్నాడతను డబ్బాలోకి చూస్తూ.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఫోన్ చేస్తే చెబుదామని."

"ఏం మనిషండీ మీరు!"

నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. గుండెల మీంచి బరువు దిగిపోయి, మూడు నెలల తర్వాత ఆమెకి కడుపు నిండా ఆకలేసింది.

పెద్దాయన లేచాడు. "డబ్బా కడిగి ఇక్కడ ఇవ్వండి. ఒక్కరు కాదు, ఇద్దరూ కలిసి తేవాలి."

వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మేడమ్ పిలిచేసరికి ఇద్దరూ గుమ్మంలోనే, "ఇంటికెళ్తున్నామండి," అన్నారు. ఆవిడ నవ్వేసి ఫైలు మూసేసింది.

సాయంత్రం డబ్బా తోముతుంటే మూత మీద చుక్కలతో చెక్కిన పేరు కనబడింది.

"సైదాబీ ఎవరండీ? మీ మామూ భార్యా?"

"నన్నడుగుతావేంటి? మీ మామూ భార్య కాదూ?"

"మా మామూకి జ్వరం, రాలేదుగా!"

"మా పెద్దమనిషికి రైలు తప్పిపోయింది! మీ మామూని నేనెప్పుడు చూశాను? ఆయనే అనుకునేగా నోరు మూసుకుని తిట్లు తిన్నాను!"

ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. నవ్వి నవ్వి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మరి ఆయనెవరు?

మరుసటి గురువారం ఇద్దరూ కలిసి సెంటర్‌కి వెళ్లారు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని షబానా సేమ్యా పాయసం నింపింది.

ఫ్లోరెన్స్ మేడమ్ మూత మీద పేరును వేలితో తడిమింది.

"హనీఫ్ గారు ఇంక రారమ్మా."

"ఆయన ఎవరి తరఫండీ?"

"ఎవరి తరఫూ కాదు. భార్య సైదాబీ వస్తుందని ఆరు గురువారాలు ఆ డబ్బాలో అన్నం తెచ్చుకుని ఎదురుచూశారు. ఆవిడ ఇక రానని కబురు పెట్టిందని ఆ రోజు నేను చెబితే, విని, బయటికొచ్చి మీ మధ్య కూర్చున్నారు."